కత్తిరి

పుళల్ కాలవ గట్టు కింద మాకు నాలుగు సెంట్లు.
మొన్నటి మార్గశిరంలో నీళ్ళొచ్చాయి,
పోతూ పోతూ ఊరందరి చెత్తా మాకిచ్చి పోయాయి.
మాఘం నాటికి వంకాయ మడిలో వంకాయ తప్ప అన్నీ ఉన్నాయి:
గరిక, గలిజేరు, పల్లేరు,
ఎక్కణ్ణించి కొట్టుకొచ్చిందో వయ్యారిభామ,
వాటన్నిటికీ పెద్దముత్తైదువలా తుంగ.

వాడిన మొక్కొకటి పీకి వేళ్ళు చూపించింది దేశమ్మ.
ఉలవగింజలంత బుడిపెలు, దండ గుచ్చినట్టు.
"జబ్బు పైన కాదు, కింద" అంది.
మందుల కొట్టువాడు డబ్బా చూపించి ధర చెప్పాడు.
ధర విని, ఇద్దరం టీ తాగి వచ్చేశాం.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి అటకమీది పట్ట.
వరదలో మిద్దెమీద నలుగురం
మూడు రాత్రులు దాని కిందే కూచున్నాం.
అద్దంలాంటి పాలిథిన్.
నెత్తిమీద వాన పడటం చూస్తూ
తడవకుండా ఉన్నాం.
ఆకాశం కారుతోందని చిన్నది ఏడ్చింది.

"నల్లది కదా కప్పాలి?" అన్నాను.
"నల్లది ఎండని తనే తాగేస్తుంది.
ఇదైతే నేలకి వదిలేస్తుంది."
మాధవరం నర్సరీలో కూలికి పోయిన ఏడు
నేర్చుకుందట.

దున్ని, గడ్డలు చిదిపి, గాజుపెంకులు ఏరి,
తలంటి పోసినట్టు నీళ్ళు పెట్టాం.
పొడినేలలో వేడి గుమ్మం దగ్గరే ఆగిపోతుందట,
తడినేలలో మెట్లు దిగుతుందట.
పట్ట పరిచి, అంచులు జానెడు లోతున పాతి
గాలి దూరకుండా తొక్కాం,
కుండకి వాసెన కట్టినట్టు.

నాథముని గోడమీంచి చూసి
"ఏమయ్యా, వడియాలు మరిచిపోయి
ఉత్త పట్టే ఎండేశారా?" అన్నాడు.

ఇక్కడి వాళ్ళు ఆ ఎండని కత్తిరి అంటారు,
మా అమ్మ కృత్తిక కార్తె అనేది.
ఇక్కడి మాటలో వంకాయ కూడా కత్తిరికాయే.
మన మాటలో
రెండూ కాస్తాయి.

ఊరంతా ఎండని తిట్టింది.
కరెంటు పోయిన రాత్రులు నేనూ తిట్టాను.
దేశమ్మ మబ్బుని తిట్టింది.
మొదటి వారం పట్ట కింద అన్నీ మొలిచాయి,
వెచ్చటి ఇల్లు దొరికిందని.
రెండోవారం ఉడికిన తోటకూరలా సోలిపోయాయి.
అంచు ఎత్తి చెయ్యి పెట్టి చూశాను,
ఇడ్లీపాత్ర మూత తీసినట్టు చుర్రుమంది.
"మరి వానపాములో?"
"వాటికి తెలుసు, కిందికి పోతాయి.
మనం మిద్దె పైకి పోలేదూ!"

ఒక రాత్రి వీధికుక్క పట్టమీద పరిగెత్తింది.
తెల్లారి ఐదు చిల్లులు.
ఐదింటికీ టేపు వేసి
ఆ ఖర్చు నా బీడీల్లోంచి కోసింది.
మడి పడుకున్న నలభై రోజులూ
తను ఇస్త్రీబండి దగ్గర నిలబడింది,
బొగ్గుల పెట్టెతో, ఇంకో ఎండలో.

పట్ట తీసిననాడు
కాలిన వాసన రాలేదు,
పాలు మరిగిన గిన్నె అడుగు వాసన.
నేను పార ఎత్తితే లాక్కుంది.
"లోతుగా తవ్వకు. చావనివి కింద నిద్రపోతున్నాయి,
నువ్వే లేపి తెస్తావు."
వేలంత గుంటలు చేసి నారు పెట్టింది.

శ్రావణంలో కాశాయి.
కాస్తున్న మొక్కనొకదాన్ని, నమ్మలేక,
నిలువునా పీకి వేళ్ళు చూసింది.
తెల్లటి వేళ్ళు. ఒక్క బుడిపె లేదు.
పీకినందుకు రోజంతా బాధపడింది.

తుంగ సంగతా?
ఆ కత్తిరిలోనే పట్టని సూదిలా పొడుచుకొని
బయటికొచ్చి నిలబడింది.
దానికి మాత్రం పొద్దున్నే కొంకి పట్టుకొని
దేశమ్మ కూచోవాల్సిందే, గడ్డతో సహా తవ్వాల్సిందే.

పట్ట కడిగి, ఆరేసి, మడిచి
మళ్ళీ అటకెక్కించాం.
ఆశ్వయుజం వస్తోంది.
ఎండని ఆపగలిగిన టేపు
వానని ఆపుతుందో లేదో.